కూర్చుని చేసే పని

మూడో అంతస్తు ఎక్కి, మోకాళ్ళకి ఒక నిమిషం సెలవిచ్చి, లెక్కలక్క తలుపు తట్టింది.

“అమ్మా, మీరేమైనా పని చేస్తున్నారా?”

“లేదండీ, ఖాళీయే. త్వరగా అడగండి, స్టవ్ మీద పాలున్నాయి, లోపల పిల్లదాని ఒంటినిండా సబ్బు!”

ఇరవై రెండేళ్ళ అనుభవంలో లెక్కలక్క కనిపెట్టిన సూత్రం ఒకటే: ఖాళీగా ఉన్నామనే ఆడవాళ్ళెవరికీ మాట్లాడే ఖాళీ ఉండదు.

ప్రభుత్వ సర్వే కోసం ఇంటింటికీ తిరిగి పని గురించి అడగడమే ఆవిడ పని. దేశంలో ఆడవాళ్ళు నూటికి ఎంతమంది పనిచేస్తున్నారన్న అంకె మూడు నెలలకోసారి పేపర్లో వస్తుంది. పెరిగితే పెద్దలు పొంగిపోతారు, తగ్గితే టీవీలో తగువులాడుకుంటారు. ఆ అంకె ఎవరి కాళ్ళ మీదైనా నిలబడిందంటే, అవి వాచిన ఈ కాళ్ళే. ఏటేటా ఉద్యోగాన్ని పొడిగించారు గానీ, ఒక్కసారీ ఆవిణ్ణి పొగడలేదు. మీ ఆవిడేం చేస్తారని ఎవరైనా అడిగితే వాళ్ళాయన, “అలా తిరిగొస్తుంటుంది” అంటాడు.

“సరే, నిన్న లేచిన దగ్గర్నుంచి ఏం చేశారో చెప్పండి” అంది లెక్కలక్క. ఈ ప్రశ్న ఫారంలో లేదు, ఆవిడ సొంతం. పాలు పొంగేలోపు ఆ ఇల్లాలు సాయంత్రాలు ఆరుగురు పిల్లలకి ట్యూషన్ చెబుతుందని తేలింది. చెప్పేది లెక్కలే, తనే లెక్కలో లేదు.

మెట్లు దిగుతుంటే సూపర్‌వైజర్ ఫోన్. “అక్కా, ఫారాలు రాస్తున్నారా, పురాణాలా?”

“పురాణాలైతే ఈపాటికి అయిపోయేవి సార్.”

ఇవాళ మాత్రం ఆవిడకీ తొందరగానే ఉంది. చివరి సందులో నీలం తలుపు ఇల్లు. ప్రతి ఇంటికీ మూడు నెలలకోసారి చొప్పున నాలుగుసార్లు వెళ్ళాలి. ఆ తర్వాత ఆ ఇల్లు జాబితాలోంచి తప్పుకుంటుంది. ఇప్పటికి వెళ్ళిన మూడుసార్లూ అత్తగారే గుమ్మానికి అడ్డంగా నిలబడి, “మా కోడలికేం పనమ్మా, ఇంట్లోనే ఉంటుంది” అని తేల్చేసింది. ఒకరు అందరి తరఫునా చెప్పొచ్చని నిబంధన. లోపల్నుంచి కోడలు ఏదో అనబోయి ఆగిపోవడం లెక్కలక్క మూడుసార్లూ చూసింది. మూడుసార్లూ “పని లేదు” గడిలోనే టిక్కు పెట్టింది. ఈసారైనా ఆ పిల్ల నోటితో వినాలి. ఇది నాలుగోసారి, ఇవాళ తప్పితే ఇంకో రోజు లేదు.

తలుపు తెరిచే ఉంది. అత్తగారు నేలమీద కూర్చునుంది.

“కోడల్ని ఒకసారి పిలవండి పెద్దమ్మా.”

“మంగళవారం పోయిందమ్మా. జ్వరమే అనుకున్నాం.”

లెక్కలక్క ఆవిడ పక్కనే కూలబడింది. ఫారం తీసి కోడలి పేరున్న వరుస వెతికింది. పోయినవాళ్ళ పేరు మీద గీత గీయాలి. గీస్తే ఆ వరుస మొత్తం ఖాళీ.

అత్తగారే అంది: “పడుకోవే అని మొత్తుకున్నా. ఈ కట్ట కవర్లు అంటించి పడుకుంటా అత్తా, అంది.”

“కవర్లా?”

“మందుల షాపులకి. రోజుకి వెయ్యి చేసేది, నాలుగేళ్ళ నుంచీ.”

“మరి పని లేదన్నారే పెద్దమ్మా!”

“అది పనేంటమ్మా, కూర్చుని చేసేదేగా!”

“మా ఆఫీసులో అందరూ కూర్చునే చేస్తారు.”

ముసలావిడకి నవ్వు రాబోయి ఏడుపొచ్చింది. కాసేపటికి ముక్కు తుడుచుకుని, “అయితే రాయి. మా పిల్ల పనిచేసేదని రాయి” అంది.

లెక్కలక్క సంచీలోంచి మూడు సవరణ కాగితాలు తీసింది. వెళ్ళిన మూడుసార్లకీ మూడు. మూడింటి మీదా ఒకటే రాసింది: పని ఉంది, కాగితం కవర్ల తయారీ. మూడోది రాస్తుండగా మళ్ళీ ఫోన్.

“అక్కా, ఆ సందు కవరైందా?”

“మూడుసార్లు కవర్ చేసి కప్పెట్టేశాం సార్. ఇప్పుడు విప్పుతున్నా.”

విషయం విని సూపర్‌వైజర్ నిట్టూర్చాడు. “అచ్చయిపోయిన అంకె ఇప్పుడు మారదక్కా.”

“అంకె మారకపోతే మానె. కాగితం మారుతుంది.”

అత్తగారు మూడింటి మీదా మెల్లగా, అక్షరం అక్షరంగా సంతకం పెట్టింది. లెక్కలక్క గోడ పట్టుకుని లేచింది. ఆ గోడ వారనే, సగం కట్టిన కట్ట పక్కన, గిన్నెలో మైదా జిగురు ఎండి రాయైపోయింది. అందులో బ్రష్షు ఎవరూ పట్టుకోకుండానే నిటారుగా నిలబడి ఉంది.