ఒకే ముఖం, రెండు దుకాణాలు

నైజీరియాలోని ఇగ్బోఓరాలో కవలలు లేని ఇల్లు వెతకాలంటే చెప్పులు అరిగిపోతాయి. అలాంటి ఊళ్లో నీలిమందుతో బట్టలు అద్ది అమ్ముకునే తాయేలోలు, ఫోన్లో డబ్బు తీసుకునే దుకాణం కోసం ముఖం ఫోటోతో దరఖాస్తు పెడితే మూడోసారీ అదే జవాబు వచ్చింది: "ఈ ముఖంతో ఇదివరకే ఒక దుకాణం నమోదైంది. మోసం జరుగుతున్నట్టు అనుమానం. దరఖాస్తు తిరస్కరించాం."

ఆ ముఖం ఎవరిదో ఆమెకు తెలుసు. ఒకే కాన్పులో పుట్టిన అక్క కెహిందేది. ఎండుమిరపకాయల వ్యాపారం చేస్తుంది. అమ్మ పోయాక ఆవిడ కొట్టు ఎవరికన్న తగాదాలో ఇద్దరికీ మాటలు పోయి రెండేళ్లయింది.

చెల్లింపుల కంపెనీకి ఫోన్ చేస్తే, ఇబాదాన్ ఆఫీసులో ఉన్న ఆఫీసరు దొంగను పట్టినవాడి గొంతుతో, "ఆ రెండో మనిషిని వెంటబెట్టుకు రండి" అన్నాడు. లాగోస్‌లో కొనేవాళ్లేమో ఫోన్లో చెల్లించే వీలు లేకపోతే బట్టలు వద్దంటున్నారు. తాయేలోలు పౌరుషం దిగమింగి అక్క మిరపకాయల కొట్టు ముందు నిలబడింది.

"ఏంటే, దారి తప్పావా?" అంది కెహిందే, బస్తా మీంచి తలెత్తకుండానే.

"నేను నువ్వు కాదని చెప్పడానికి నువ్వు రావాలంటక్కా."

"నువ్వు నేనెందుకవుతావే? నాకు బుద్ధుంది."

అలా అన్నా మర్నాడు పొద్దున్నే బస్సెక్కింది. వేరే సీట్లో కూర్చుంది.

ఆఫీసరు పేరు అడెగొరొయె. మెడలో వేలాడే కార్డు మీది ఫోటో అతనిలా లేదు. అక్కచెల్లెళ్లకు విడివిడిగా ఫోటోలు తీస్తే, ఇద్దరూ ఒకరేనంది కంప్యూటరు. పక్కపక్కన నిలబెట్టి తీస్తే, ఫోటోలో ఒక్కరే ఉండాలంది.

"ఒక ముఖానికి ఒకే దుకాణం, అదీ మా రూలు. మీలో ఒకరు మానుకోండి" అన్నాడతను.

"ఏం మానుకోమంటారు సార్? వ్యాపారమా, ముఖమా?" అంది తాయేలోలు.

"పోనీ, పెద్దావిడకి ఉంచుదాం. ముందు పుట్టిందెవరు?"

"నేనే" అంది తాయేలోలు.

"అయితే పెద్ద మీరేగా!"

అక్కచెల్లెళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. రెండేళ్లలో అదే మొదలు.

"నువ్వు మన యోరుబా జాతి బిడ్డవేనా?" అంది కెహిందే. "కవలల్లో వెనక పుట్టిందే అక్క. లోకం ఎలా ఉందో చూసి రమ్మని చెల్లెల్ని ముందు పంపేది ఆవిడే. మీ అమ్మమ్మ చెప్పలేదూ? ఇదే తెలియనివాడివి, మేమెవరమో తేలుస్తావా?"

అడెగొరొయె కంప్యూటరు వైపు తిరిగాడు.

"మా మొహాలు ఒకటే. వేళ్లూ ఒకటేనా?" కెహిందే ఆపలేదు. "ఆ మూల దుమ్ము కొట్టుకుపోయి ఉన్నది వేలిముద్రల మిషనా, నువ్వు టీ గ్లాసు పెట్టుకునే పీటా?"

దాని మీద అతని గ్లాసే ఉంది. అది తీసి, చొక్కా అంచుతో మిషన్ అద్దం తుడిచి, ఇద్దరి బొటనవేళ్లూ పెట్టించాడు. నిమిషంలో తేలిపోయింది. ఇద్దరూ వేరు.

"కానీ ఫారంలో కవలలకి గడి లేదమ్మా" అని నసిగాడు.

"గడి లేదని మేం పుట్టకుండా ఉండాల్సిందా?" అన్నారిద్దరూ ఒక్క గొంతుతో.

చివరికి పై అధికారిణిని పిలిచాడు. ఆవిడ నించునే సంతకం పెట్టి వెళ్లిపోయింది. మూడు వారాలుగా ఆగిన పనికి ఆ మాత్రం చాలింది.

బస్టాండులో పెండలం పిండితో చేసిన అమలా ముద్దలు, బెండాకుల ఇలాసా పులుసు తిన్నారు. కెహిందే అడక్కుండా చెల్లెలి పళ్లెంలోంచి మాంసం ముక్క తీసుకుంది. తాయేలోలు పళ్లెం అక్క వైపు జరిపింది. అమ్మ కొట్టు మాట ఇద్దరూ ఎత్తలేదు.

ఐదో రోజున తాయేలోలు దుకాణం ఫోన్లో తెరుచుకుంది. ఈలోగా కెహిందే ఈ సంగతి సంతంతా టాంటాం చేసింది. తర్వాతి సోమవారం, అదే తిరస్కారం అందుకున్న తొమ్మిది జతల కవలలు, జతకొక రంగు బట్టలు కట్టుకుని, ఇబాదాన్ ఆఫీసు గుమ్మంలో బారులు తీరారు. అడెగొరొయె ఆ వారమంతా సెలవు పెట్టాడు.