బీరువాలో పెట్టిన నిశ్శబ్దం

పొద్దున తొమ్మిదిన్నరకి అరవిందన్ బండి ఆపి, గ్రంథాలయం తాళం తీసి, మూడు పేపర్లూ బల్లమీద పరిచి, కిటికీలు తెరిచి, ఆ తర్వాత మూలనున్న పచ్చ బీరువా తీసి ఎన్ని నిశ్శబ్దాలు మిగిలాయో చూసుకుంటాడు. పదమూడేళ్లుగా ఇదే వరస.

సూలూరుకి నాలుగు మైళ్ల దూరంలో ఉన్న ఆ ఊరంతా పవర్‌లూమ్ షెడ్లే. అక్కడి తెలుగువాళ్లు ఆ మరమగ్గాలని తరులంటారు. ఏ సందులో నిలబడినా టకటకా టకటకా, ఆగడమంటూ లేదు. అందుకని ఆ ఊళ్లో జనం గ్రంథాలయం నుంచి పుస్తకం తీసుకున్నట్టే నిశ్శబ్దాన్నీ తీసుకుంటారు. కార్డు అదే, గడువు అదే, రెండు వారాలు. చూడటానికి మడతపెట్టిన పంచెలాగా ఉంటుంది, ముట్టుకుంటే కాస్త చల్లగా తగులుతుంది, బరువేమీ ఉండదు. ఇంట్లో తలుపు మూసి విప్పితే ఒక గది మేరకి తరుల చప్పుడు నిలిచిపోతుంది. చిక్కటిదైతే రెండు గంటలు, పలచనిదైతే అరగంట. పసిబిడ్డకి జ్వరమొచ్చినా, ఫోన్లో ఉద్యోగం ఇంటర్వ్యూ ఉన్నా, ఇంటికి పెళ్లిచూపులవాళ్లు వస్తున్నా ఒకటి పట్టుకుపోతారు. మడత చెడగొట్టకుండా తెచ్చివ్వాలి, ఉతకకూడదు. అంతే నియమం.

అది ఎక్కణ్ణుంచి వస్తుందంటారా? హాల్లో జనం కూర్చుని చదువుతుంటే పాలమీద మీగడ కట్టినట్టు బల్లలమీద కట్టుకుంటుంది. సాయంత్రం అరవిందన్ దాన్ని మెల్లగా తీసి మడిచి పెడతాడు. ఒకప్పుడు రోజుకి మూడు దొరికేవి. ఇప్పుడు పేపరు అందరి చేతుల్లోని ఫోన్లోకి వచ్చేసింది. పైగా పై ఆఫీసు నుంచి కాగితం వచ్చింది: గ్రంథాలయమంటే ఒట్టి పుస్తకాలు కాదు, జనం కూడే చోటు. నెలకి పన్నెండు కార్యక్రమాలు జరగాలి, ఒక్కోదానికి యాభై మంది రావాలి, ఫోటోలు ఎక్కించాలి. అవి పనికిరానివని అనడానికీ లేదు. షుగర్ పరీక్ష పెట్టబట్టే టీకొట్టు ఆయనకి తన రోగం తెలిసింది. ఆధార్ తప్పులు దిద్దించుకోవడానికి ఊరివాళ్లకి కోయంబత్తూరు తిరిగే శ్రమ తప్పింది. కానీ అన్నిటికీ మైకు ఉంటుంది. మైకు ఉన్న చోట నిశ్శబ్దం కట్టదు. బీరువాలో అరలు ఒక్కొక్కటే ఖాళీ అయ్యాయి.

సరిగ్గా అప్పుడే మీనాక్షమ్మకి ఒకటి కావలసివచ్చింది.

ఆమెది ఎనిమిది తరుల షెడ్డు. భర్త లక్ష్మణన్‌కి నాలుగు నెలల కిందట పక్షవాతం వచ్చింది. చెయ్యి లేవదు, కాలు లేవదు. గొంతు మాత్రం గాలిలాగా, గుసగుసలాగా మిగిలింది. రోజూ పొద్దునే ఆమె ముఖం చూసి పెదవులు కదుపుతాడు. ఒక చిన్న మాట. మాట ఆఖరున కనుబొమ్మలు పైకెత్తుతాడు. ఆ మాట ఏమిటో తరుల చప్పుడులో ఆమెకి అందదు. తమ తరులు ఆపినా పక్కింటివి ఆగవు కదా.

ఒక రోజు కరెంటు ఆఫీసువాళ్లు పగలంతా లైను ఆపారు. ఊరు ఊరంతా నిలిచిపోయింది. ఆమె పరుగున వెళ్లి మంచం పక్కన కూర్చుంది. ఆ రోజే సూలూరు సైనిక విమానాశ్రయం విమానాలు తలమీద గిరగిరా తిరిగాయి, చీకటిపడేదాకా.

అందుకని ఎవరికి తోచిన మాట వాళ్లు ఆయన పెదవులమీద చదువుకున్నారు.

"పళని అంటా ఉండాడు నాయన, బాగా సూడమ్మా" అన్నది కూతురు రంజని. కారు పెట్టుకుని తీసుకుపోయారు. దారి పొడుగునా కారులో పాటలు, కొండమీద గంటలు. గుండు కొట్టించుకుని వచ్చి కూడా ఆయన అదే మాట కదిపాడు.

"కాపీ అడగతా ఉండాడు అయ్య" అని షెడ్డులో తరి నడిపే కూలిమనిషి ఆరాయి తీర్మానించింది. పూటకి మూడు గ్లాసుల కాఫీ తాగించింది.

అల్లుడు శక్తివేల్ తిరుప్పూరులో ఉంటాడు. చెడ్డవాడేమీ కాదు, తొందర మనిషి, అంతే. "అత్తా, మామ 'ఇచ్చెయ్' అంటా ఉండాడు. తెలిసిపోతా ఉండాదే! షెడ్డు గోడౌనుకి ఇచ్చేస్తే మీరిద్దురూ నిమ్మదిగా ఉండొచ్చు. సోమవారం అగ్రిమెంట్. మంగళవారం పాత ఇనుమువాళ్లు వచ్చి తరులు విప్పుకోని పోతారు."

"ఆయన నోటితో సరే అననీ. అప్పుడు సంతకం పెడతా" అన్నది మీనాక్షమ్మ.

"ఆయన అంటానే ఉండాడు అత్తా!"

"నాకు ఇనపడల్లే గదా."

సోమవారానికి ఇంకా పదిరోజులున్నాయి. ఆమె గ్రంథాలయానికి బయల్దేరింది.

"అమైది ఒకటి కావల తంబీ" అన్నది. ఆ ఊళ్లో నిశ్శబ్దాన్ని అలాగే అంటారు, అరవమాటతో.

అరవిందన్ బీరువావైపు చూడకుండా గోడ గడియారం చూశాడు. "అక్కా, ఈ పొద్దు యోగా ఉండాది. పది తలలు తక్కువ. కొంచెం కూసో అక్కా, ఫోటో అయినంక మాట్లాడుదాం."

ఆమె కూర్చుంది. చీర సర్దుకుని ఒక కాలు ఎత్తింది. ఫోటో అయ్యాక బీరువా తెరిచి చూపించాడు. అట్టడుగు అరలో ఒకటి ఉంది కానీ, ఎవరో బిడ్డ పుట్టినింట్లో వాడి వాడి తెచ్చిచ్చింది. జల్లెడలాగా అన్నీ చిల్లులే.

"రేపు రా అక్కా."

మర్నాడు చిరుధాన్యాల వంట. పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచి రాగి సంగటి తిన్న మనిషికి రాగి సంగటి ఎలా కలపాలో మైకులో గంటసేపు చెప్పారు. మూడోసారి షుగర్ పరీక్షని చెప్పి వేలు గుచ్చారు. నాలుగోసారి మొక్క నాటించారు. వెళ్లిన ప్రతిసారీ ఆమె తల ఫోటోలోకి పోయింది, చేతికి మాత్రం ఏమీ రాలేదు. ఇంటికొచ్చేసరికి ఆయన ముఖం తిప్పి, పెదవులు కదిపి, కనుబొమ్మలెత్తేవాడు.

"నాకు తెలవడం లేదయ్యా!" అని ఆమె అరిచేది. ఆ అరుపూ ఆయనకి చేరేది కాదు.

శనివారం ఆఖరి రోజు, ఆదివారం గ్రంథాలయం తెరవరు. ఆ రోజు పై ఆఫీసు నుంచి మధుమిత మేడమ్ స్వయంగా వచ్చింది. కార్యక్రమం పేరు 'చదివే అలవాటు పెంచుకోవడం ఎలా'. యాభై కుర్చీలు వేశారు. తరుల చప్పుడుని మించాలని మైకు పెద్దది తెచ్చారు. మేడమ్ నలభై నిమిషాలు మాట్లాడింది. చదివితే మెదడుకి మంచిదన్నది, గుండెకి మంచిదన్నది, నిద్ర బాగా పడుతుందన్నది. వింటున్నవాళ్లలో అప్పటికే ఇద్దరికి పట్టింది. చుట్టూ గోడలనిండా పుస్తకాలు. ఒక్కడి చేతిలోనూ ఒక్కటి లేదు.

మీనాక్షమ్మ లేచి వెళ్లి మైకు తీగ లాగేసింది.

"సాలు! యోగా అంటిరి, కాలెత్తినా. సంగటి అంటిరి, తిన్నా. రగతం అడిగితిరి, అదీ ఇచ్చినా. సెట్టు నాటమంటిరి, నాటిన సెట్టు ఆణ్ణే ఎండిపోయె, నీళ్లు పోసే దిక్కు లేదు. నాలుగు నెలలుగా నా మొగుడు నోరు తెరస్తా ఉండాడు. ఒక్క మాట! ఆ ఒక్క మాట ఇనేదానికి ఒక అమైది అడిగితే, ఈడ లేదంటారు! సదివేదాన్ని గురించి మాట్లాడింది సాలు తల్లీ. ఎవరన్నా సదవండి!"

కుర్చీలో కునుకుతున్న పెద్దాయన ముందుగా లేచి, అలమారలోంచి చేతికందిన పుస్తకం తీసుకుని కూర్చున్నాడు. ఆయన వెనక ఇంకొకరు. పేపర్లు మూడూ ముక్కలు ముక్కలుగా పంచుకున్నారు. మీనాక్షమ్మ చదివింది అరవంలో ఐదో క్లాసు. ఆమె కూడా ఏదో తెరిచి వేలుపెట్టి చదవసాగింది.

మధుమిత మేడమ్ అరవిందన్‌ని పక్కకి పిలిచింది. "దీన్ని ఏ కార్యక్రమమని రాయాలండీ?"

"చదవడం, మేడమ్."

"లిస్టులో అట్లాంటిది లేదే?"

"ఆఖర్న 'ఇతరములు' అని ఉంది, మేడమ్."

ఆమె ఫోను సంచిలో వేసి, తనూ ఒక పుస్తకం తీసుకుని కిటికీ దగ్గర కూర్చుంది.

గంట గడిచింది. అరవిందన్ బల్ల అంచున గోరు పెట్టి మెల్లగా లేపాడు. వచ్చింది. పలచగా, నీళ్లపాల మీగడలాగా.

"సగం మంది పేపరు సాటున ఫోను సూసినారు అక్కా. ఇరవై నిమిషాలు నిలబడుద్ది. అంతకు మించి నన్ను అడగబాక."

ఆమె దాన్ని పైటచెంగులో చుట్టుకుని ఇంటికి నడిచింది. అందర్నీ బయటికి పంపింది. తలుపు మూసి, మంచంమీద విప్పింది.

టకటక నిలిచిపోయింది. ఆమెకి మొదట తన గాజులు వినపడ్డాయి. తర్వాత ఆయన ఊపిరి.

లక్ష్మణన్ ఆమె ముఖం చూశాడు. పెదవులు కదిలాయి.

"ఏమే. నీకేం కావల?"

కనుబొమ్మలు పైకెత్తాడు. ఆమె మిగతాదానికోసం ఎదురుచూసింది. మిగతాది లేదు.

"నాకా?"

తల ఊపాడు.

ఆమెకి ముందు ఒళ్లు మండిపోయింది. పళని కొండ ఎక్కింది ఇందుకా? నాలుగు నెలలు పెదవులు చూసి చూసి కళ్లు కాయలు కాసింది ఇందుకా? "ఇది అడిగేదానికా ఇన్ని పాట్లు!" అన్నది. అని, జవాబు చెప్పబోయింది. నోట్లో ఏమీ లేదు. నలభై ఏళ్ల కాపురంలో ఆ ప్రశ్న ఎవరూ వేసిందే లేదు. వేసినా తరుల చప్పుడులో పోయుంటుంది. ఐదు నిమిషాలు ఊరికే గడిచిపోయాయి. గోడ మూలలోంచి సన్నగా ఒక తరి చప్పుడు దూరడం మొదలుపెట్టింది.

అప్పుడు ఆమెకి మాట దొరికింది.

"ఆ షెడ్డు మీది రేకు కారతా ఉండాదని పదేండ్లుగా సెప్తా ఉండాను. అది మార్చల. నాలుగు గంటలకే లేసి నూలు కండెలు సుట్టేది నాకు వద్దు. ఆరుకి లేస్తా. మూడో తరికి పట్టీ మార్చల, దాని నొప్పి నాకు తెలుస్తాది, మీకు ఎప్పుడూ తెలవలే. షెడ్డు తాళంచెవి నా కాడ ఉండల. బోర్డుమీద మీ పేరుండాది, మీ నాయన పేరుండాది. నూలు బేరం సేసింది ఎవరు? తరి ఆగితే దారం ముడి ఏసింది ఎవరు..."

చప్పుడు రెండో మూలలోంచీ వచ్చింది. ఆమె గొంతు పెంచింది. ఆయన కళ్లు మూయకుండా వింటున్నాడు. చివరికి గది నిండా తరులే అయ్యాయి, ఆమె మాట వాటి కింద పడి వినపడకుండా పోయింది. అయినా చాలాసేపు చెబుతూనే ఉంది.

సోమవారం శక్తివేల్ కాగితాలతో వచ్చాడు. "ఏమన్నాడు అత్తా మామ?" అని ఆమె చెవి దగ్గర అరిచాడు.

"అడిగినాడు."

"ఏమడిగినాడు?"

"నాకేం కావలని."

శక్తివేల్ మామవైపు తిరిగాడు. లక్ష్మణన్ అదే మాట కదిపి కనుబొమ్మలెత్తాడు. శక్తివేల్ కాగితాల కట్ట రెండో చేతిలోకి మార్చుకున్నాడు.

"సరే అత్తా. నువ్వు ఏం సెప్పితివి?"

"ఇంకా సెప్పి ముగించలే. నలభై ఏండ్లది ఇరవై నిమిషాల్లో అవుతాదా?"

"అయితే సంతకం?"

"అప్పురం, అది ముగిసినంక. నీకు అంత అవసరముంటే శనివారం వచ్చి గ్రంథాలయంలో ఒక గంట కూసోని సదువు. ఫోను సూడకుండా సదువు. ఈ తూరి అమైది చిక్కగా కట్టుకోవల."

మంగళవారం పాత ఇనుమువాళ్లు లారీ తెచ్చి గేటు బాదారు. లోపల ఎనిమిది తరులూ ఆడుతున్నాయి. గంటసేపు బాదినా ఎవరికీ వినపడలేదు.