మైలేజీ పెంచిన మొనగాడు

పాత కారు డాష్‌బోర్డు మీద ఎప్పుడూ నలభై కనిపించేది. గాలనుకి నలభై మైళ్లన్నమాట. కొత్త కారు ఏడు చూపించేసరికి, డ్రైవింగ్‌లో తనను మించినవాడు లేడనుకునే భర్తగారి మొహం మాడిపోయింది.

"అది వంద కిలోమీటర్లకి ఎన్ని లీటర్లు తాగుతోందో చూపిస్తుందండీ," అంది భార్య. "లెక్క కడితే ఆ నలభై, ఈ ఏడు ఒకటే. ఇందులో అంకె ఎంత తగ్గితే అంత మంచిది."

"మైలేజీ తగ్గితే మంచిదని ఎక్కడైనా విన్నావా? నీకేం తెలుసు లెక్కలు?"

ఆవిడ బడిలో చెప్పేది లెక్కలే. ఆ సంగతి ఆయనకి ఏనాడూ అడ్డు రాలేదు.

ఆ రోజు నుంచి మైలేజీ పెంచే పని నెత్తికెత్తుకున్నాడు. పచ్చలైటు పడగానే దూకించడం, మలుపులో బ్రేకు తొక్కడం, రెండో గేరులోనే కారు గోల పెట్టేదాకా లాగడం. అంకె ఎనిమిదైంది, పదైంది. పద్నాలుగు కనిపించగానే, ఇంకా స్టీరింగు ముందుండగానే, బావమరిదికి ఫోన్ కలిపాడు.

"డబుల్ చేశాను బావమరిదీ. అంతా తొక్కే కాలిలో ఉంది."

వంతెన మధ్యలో కారు దగ్గి ఆగిపోయింది. ట్యాంకులో చుక్క లేదు.

"ఇంత మైలేజీ ఇస్తుంటే పెట్రోలు ఎలా అయిపోతుంది? ఎక్కడో కారుతోంది," అంటూ ఆయన దిగి కారు కిందికి దూరాడు.

పక్కన కూర్చున్న భార్య తన సీటు తాపీగా వెనక్కి వాల్చుకుంది.

"ఎలాగూ దిగారుగా, బంకు దాకా తోయండి. లీటర్లు సున్నా. అంతకంటే మంచి మైలేజీ మీ చేతిలో ఎప్పటికీ రాదు."