ఉతకని చీర

"మీరు పాలు పితికేటప్పుడు కట్టుకునే చీర ఒకటి ఇప్పించండక్కా. ఉతికింది మాత్రం వద్దండి," అంది వీరవేణి. మా ఆఖరి గేదె నల్లమ్మను కొనుక్కుని పోవడానికి పెద్దాపురం అవతల నుంచి మొగుడితో కలిసి వ్యాన్‌లో వచ్చింది. నా చీర కట్టుకుంటే ఆమెను నేనే అనుకుని నల్లమ్మ పాలు చేపుతుందని ఆశ. చేపకపోతే ఏం చేస్తావని అడిగాను. "పాలివ్వని గేదెని ఎన్నాళ్ళు మేపుతామండి? సంతకి తోలేయడమే," అంది తల దించుకుని. సంత నుంచి ఎక్కడికి పోతుందో నాకు తెలుసు.

అమ్మొద్దని నేను మా ఆయనతో వారం రోజులు పోట్లాడాను. కానీ ఏం పెట్టి మేపను? చుట్టూ వరిచేలన్నీ రొయ్యల చెరువులైపోయాయి. మిగిలిన రెండు చేలలో మిషన్ కోత, గడ్డి అంతా నలిగి నుగ్గయిపోతుంది. కొన్న గడ్డికీ దాణాకీ అయ్యే ఖర్చు పాలమ్మితే తిరిగి రాదు. నా చాకిరీ మాత్రం ఎవరికీ ఖర్చు కాదు. పద్దెనిమిదేళ్ళుగా కోడి కూయకముందే లేచి పేడ తీసి, కుడితి పెట్టి, పాలు పితికాను. మీ కోడలేం చేస్తుందని ఎవరైనా అడిగితే మా అత్తగారు, "ఏముందండి, ఇంట్లో ఖాళీయే," అనేది. రాత్రి నేను మా ఆయన పక్కలోకి వెళితే, "కంపు. అటు తిరిగి పడుకో," అనేవారు. ఒళ్ళు మండేలా సబ్బు రుద్దుకునేదాన్ని. ఎంత సిగ్గుపడ్డానో!

వీరవేణి అడిగింది విని ఆయన బీరువాలోంచి ఇస్త్రీ చీర తెచ్చి నా చేతిలో పెట్టారు. "పేడ చీర ఇస్తే మన పరువేం కాను? ఇదిచ్చెయ్. అన్నట్టు, రొయ్యల షెడ్డులో తలలు తీసే పనికి నీ పేరు చెప్పాను. రేపట్నుంచి నువ్వు ఖాళీయే కదా."

నేను గదిలోకి వెళ్ళి ఇస్త్రీ చీర నేనే కట్టుకున్నాను. విప్పిన చీర కొంగు మీద పొద్దుటి పాల తడి ఇంకా ఆరలేదు. అదే తెచ్చి వీరవేణికిచ్చాను. ఆమె మొహానికి ఆనించుకుని, "ఇదేనక్కా కావాలి," అంది. నా వాసన కావాలన్న మనిషిని మొదటిసారి చూశాను.

వ్యాన్ మలుపు తిరిగేదాకా నల్లమ్మ అరుస్తూనే ఉంది.

"ఇకనైనా వెళ్ళి శుభ్రంగా స్నానం చెయ్యి. ఆ కంపు వదిలిపోతుంది," అన్నారాయన.

రేపటికి ఎలాగూ రొయ్యల కంపు ఎక్కుతుంది. నల్లమ్మ వాసన ఉండేది ఈ ఒక్క రోజే.

"చెయ్యను," అన్నాను.