తట్టలో తీతువు

మోస్రా ఉపకాలువ అడుగున, ఎండిన ఇసుకలో ఏసయ్య గొంతుక్కూర్చుని ఇనుప తట్టను జానెడు ముందుకు జరిపాడు. తట్టనిండా గులకరాళ్లు, వాటి నడుమ తీతువు పిట్ట గుడ్లు. జరిపి వెనక్కి వెళ్లి తుమ్మనీడలో కూర్చున్నాడు. పిట్ట ఆయన తల మీద చక్కర్లు కొడుతూ చెడతిట్టింది. తిట్టనిచ్చాడు. అలిసిపోయి అది దిగింది, అటూ ఇటూ చూసి తట్టలోకెక్కి గుడ్ల మీద సర్దుకుంది. అప్పుడు బీడీ ముట్టించాడు.

పొద్దున్నుంచీ ఇదే పని. ఒక్కసారే ఎత్తుకెళ్లి గట్టు మీద పెడితే పిట్ట గుడ్లను వదిలేస్తుందని ఆయన భయం. అక్కడే ఉంచితే సాయంత్రానికి నీళ్లపాలు. నిజాంసాగర్ నీళ్లు పెద్దకాలువలోకి వచ్చేశాయి. పొద్దుగూకే వేళకు తూము తెరవమని ఆఫీసు నుంచి ఫోనొచ్చింది.

ఏసయ్య లష్కర్. తూములు తెరవడం, మూయడం, గట్లు కాయడం ఆయన కొలువు. తూము చక్రం తిప్పీ తిప్పీ కుడిభుజం కిందికి జారింది. మడమలు చెరువు మట్టిలా పగిలాయి. గట్టు పొడవునా కానుగ మొక్కలు పెట్టమని ఎవరూ చెప్పలేదు. పెట్టాడు, ఎండాకాలాలు బకెట్లతో నీళ్లు మోశాడు. ఇంత మంచి మనిషి మీద కోపం తెచ్చుకోవడం కూడా కష్టమే.

అయినా రాజమల్లుకు వచ్చింది. ఆయన పొలం కాలువ చివరన ఉంది, నేల నెర్రెలు విచ్చింది.

"ఏసన్నా, నా వరి పొట్ట మీదున్నది. నువ్వు పిట్టతోని ఆడుకుంటున్నవా?"

"పొద్దుగూకితే నీళ్లు ఇడుస్త. మాటిచ్చిన గద."

"అదేమన్న మంచి పిట్టనా? కూస్తే పీనుగు లేస్తదంటరు."

"నా నెత్తి మీద ఎన్నేండ్ల సందో కూస్తున్నది. రోజు లేసి పనికే పోతున్న."

మధ్యాహ్నం భార్య సాయవ్వ జొన్నరొట్టె తెచ్చి, ఆ జరపడం, ఆ కాచుకోవడం చాలాసేపు చూసింది.

"పిట్టకాడున్న ఓపిక నా కాడ ఎన్నడన్న ఉండెనా?"

"నువ్వెన్నడన్న గుడ్లు పెడితివా?"

సాయవ్వ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆయన ఎడమచేత్తో రొమ్ము రుద్దుకోవడం చూసి నవ్వు ఆపేసింది.

"ఏమైంది? ఇంటికి పోదాం దా."

"పట్టుకున్నదంతే. దీన్ని గట్టు మీదికి చేర్సి వస్త."

ఎండ చల్లబడేసరికి తట్ట గట్టు మీది కానుగ నీడకు చేరింది. పిట్ట వచ్చి కూర్చుంది. "ఇగ ఫికరు లేదు బిడ్డా" అన్నాడు ఏసయ్య. తూము దగ్గరికి నడిచి చక్రం తిప్పాడు. ఆగి ఊపిరి పీల్చుకున్నాడు, మళ్లీ తిప్పాడు. నీళ్లు ఎండుటాకుల్ని తోసుకుంటూ ఇసుకలోకి దూకాయి.

తన మడిలోకి నీళ్లు పారడం చూసి రాజమల్లు ఆగలేక బండి మీద వచ్చాడు.

"ఏసన్నా, వచ్చినయే నీళ్లు!"

ఏసయ్య తూము గోడకు ఆనుకుని కాలువ వైపు ముఖం పెట్టి కూర్చున్నాడు. రాజమల్లు దగ్గరికెళ్లి భుజం పట్టుకున్నాడు. ఆయన మెల్లగా పక్కకు ఒరిగాడు.

జనం చేరేసరికి పిట్ట లేచి ఒకటే కూత. రాజమల్లు ఏడుస్తూ మట్టిపెడ్డ అందుకున్నాడు. "గిదే పొట్టన పెట్టుకున్నది మా అన్నను!"

శవం పక్కనుంచి లేచి వచ్చి సాయవ్వ ఆ చెయ్యి పట్టుకుంది.

"పొద్దంత దాన్నే మోసిండు, రాజమల్లూ. కొట్టకు."

పెడ్డ జారి కింద పడింది.

చర్చి వెనక మట్టి చేసి వచ్చాక కూడా రాజమల్లు ఆ గట్టు మీదే పొలానికి వెళ్లేవాడు. తట్ట ఉన్న కానుగ దగ్గరికి రాగానే బండి ఇంజను ఆపేసి, చప్పుడు కాకుండా పొలాల్లోంచి చుట్టూ తిరిగి నెట్టుకుంటూ పోయేవాడు. గుడ్లు పిల్లలై, తల్లి వెంట వెళ్లిపోయాయని సాయవ్వకు చెప్పింది కూడా ఆయనే. "తట్ట తెచ్చియ్యాల్నా అక్కా?" అని అడిగాడు.

"ఉండనియ్యి. మళ్ల వస్తదేమో."

కానుగ నీడలో ఆ తట్ట అలాగే ఉంది, గులకరాళ్ల నడుమ పిట్ట కూర్చున్నంత గుంటతో.