బెండు ఎవరి చేతిలో ఉంటే

రోజారమణి బొమ్మిడాయిలకు కల్లుప్పు పట్టించి జిగురు పోయేదాకా తోముతుంటే, ముందు గదిలోంచి మొగుడు చంద్రమౌళి కేకేశాడు.

"ఏమే, మొదటి పేజీలో నా పేరే వేసినా. హెడ్మాస్టర్ పేరుంటేనే పైవాళ్లు చదివేది. చివర్లో సహకారం అని నీ పేరు పెట్టినాలే."

పెట్టాడట! వాకాడు దగ్గర సముద్రం ఒడ్డు బడిలో, వేటకు పోయేవాళ్ల పిల్లలతో మూడేళ్లు తంటాలుపడి ఆమె రాసుకున్న తెలుగు పాఠ్యప్రణాళిక అది. ఏం చదవాలో, ఏం రాయాలో, ఎక్కడ తప్పిందో అందులో పిల్లలే తేల్చుకుంటారు. వల నీళ్లమీద తేలడానికి కట్టే బెండు ఒకటి తరగతిలో ఉంటుంది. అది ఎవరి చేతిలో ఉంటే ఆ రోజు వాళ్లు ఎంచుకున్నదే పాఠం. వాళ్లు మాట్లాడేటప్పుడు ఎవరూ అడ్డు రాకూడదు, టీచరైనా సరే. అట్లా నేర్చుకునే ఆ పిల్లలు తుపాను హెచ్చరికలు చదివి నాన్నలకు వినిపించారు, అమ్మలకు అర్జీలు రాసిచ్చారు. అప్పుడు ఆ బడికే హెడ్మాస్టరైన ఈ మహానుభావుడు ఏమన్నాడు? "పాఠం చెప్పను బద్ధకమై పిల్లకాయల మీదకి తోసినావు" అన్నాడు. జిల్లా మొత్తానికీ తీసుకుంటారేమోనన్న మాట చెవిన పడగానే ఆ బద్ధకం కాస్తా ఆయన సొంత ఆలోచన అయిపోయింది.

"మొగుడి పేరుంటే నీ పేరున్నట్టు కాదామ్మే? ముందు పులుసు సంగతి చూడు" అంది అత్త వెంకటశేషమ్మ.

ఏ పులుసు పెట్టాలో కూడా ఈ ఇంట్లో రోజారమణి ఎంచుకోదు. ఏ చీర కట్టాలో, పుట్టింట్లో ఎన్ని పూటలుండాలో పదకొండేళ్లుగా ఆయన చెప్పడం, ఈమె చేయడం. నోరెత్తితే "మధ్యలో నువ్వుండు" అంటాడు. మీ చదువు మీరే ఎంచుకోండి అని పన్నెండేళ్ల పిల్లలకు నూరిపోసే మనిషి తను! రోజారమణికి సిగ్గేసింది. ఆ వెనకాలే ఒళ్లు మండింది.

మర్నాడు పదింటికి నెల్లూరు నుంచి విద్యాశాఖ అధికారి ఆదిశేషమ్మగారు బడికి పరిశీలనకు వచ్చి వెనక బెంచీలో కూర్చున్నారు. ఆమెకు నచ్చితే ప్రణాళిక పైనున్న పేరుతోనే అన్ని బడులకూ పోతుంది. చంద్రమౌళి, పెళ్లాం ఇస్త్రీ చేసిన చొక్కాలో నిలబడి, బల్లమీది బెండు తనే తీసుకుని పాఠం మొదలుపెట్టాడు. తనే ప్రశ్న అడిగాడు, తనే జవాబు చెప్పాడు. పిల్లలు ఉలకరు, పలకరు.

"ఏందిరా, నోళ్లు పడిపోయినాయా మీకు?"

ముందు వరసలోంచి అబిగయీలు లేచింది. "బెండు మీరే పట్టుకోనుంటే మేమెట్ల మాట్లాడేది సార్?"

ఆదిశేషమ్మగారు కళ్లజోడు సర్దుకున్నారు. "ఈ పద్ధతి ఎవరిది మాస్టారూ?"

"నాదే మేడం. మా ఆవిడ కొంచెం సాయం చేసింది" అంటూ ఆయన బెండును బల్లమీద పడేశాడు.

అబిగయీలు గబగబా పోయి దాన్ని తీసి, గోడ పక్కన నిలబడ్డ రోజారమణి చేతిలో పెట్టింది. మొగుడు కళ్లెర్రజేశాడు. సాయంత్రం ఇంటికి పోతే ఏమవుతుందో ఆమెకు తెలుసు. పులుసు గిన్నె ఎగురుతుంది, అత్త శోకాలు పెడుతుంది. పెట్టనీ.

"మొత్తం నేను రాసింది మేడం. పైన పేరు మాత్రం ఆయనది."

చంద్రమౌళి నోరు తెరిచాడు. "మధ్యలో నువ్వుండు..."

"సార్," అన్నారు ఇరవై ఆరుమంది పిల్లలు ఒక్క గొంతుతో, "బెండు టీచర్ దగ్గరుంది."