రెండింతల వేగంలో మేంగ్ మాస్టారు

ఉదయం తొమ్మిదింటికి మేంగ్ హోసాంగ్ ఆఫీసుకి అందరిలాగే వస్తాడు. కోటు విప్పి కుర్చీకి తగిలిస్తాడు. కాఫీ పట్టుకుని ఏడో అంతస్తు కిటికీ దగ్గర నిలబడి, మా గాసాన్ స్టేషన్‌లోంచి తోసుకుంటూ బయటపడే జనాన్ని తీరిగ్గా చూస్తాడు. తొమ్మిదిన్నరకి దేశంలో ఆఫీసులన్నీ కంప్యూటర్లు తెరుస్తాయి. అంతే, మాస్టారి కాళ్ళకి చక్రాలు మొలుస్తాయి. కప్పులో కాఫీ గుటుక్కున ఖాళీ అవుతుంది. కిటికీ దగ్గరున్న మనిషి మీరు కళ్ళు మూసి తెరిచేలోగా కుర్చీలో ఉంటాడు.

కారణం అందరికీ తెలిసిందే. ఆయన పనిచేసే కంపెనీ దేశంలో ఉద్యోగుల కోసం ఆన్‌లైన్ పాఠాలు తయారుచేస్తుంది. పనిచేసే ప్రతివాడూ ఏడాదికోసారి చూసి తీరాలని చట్టం చెప్పే భద్రతా పాఠంలో పన్నెండేళ్ళుగా కనిపించేది మేంగ్ ముఖమే. పుసాన్ ఓడరేవు నుంచి పాజు అచ్చాఫీసుల దాకా ఆయన నీలం టై ఎరగని జీతగాడు లేడు. ఆ పాఠాన్ని మామూలు వేగంతో చూసిన జీతగాడూ లేడు. అందరూ రెండింతల వేగం పెట్టేసి, పక్కన తమ పని తాము చేసుకుంటూ ఉంటారు. ఎక్కువమంది పాఠాన్ని ఎలా నడిపిస్తే మేంగ్ అలా నడుస్తాడు.

ఆఫీసులో దీన్ని ఎవరూ వింతగా చూడరు. కొత్తగా చేరినవాళ్ళకి వైఫై పాస్‌వర్డ్ చెప్పి, మాస్టారి సూప్ చల్లార్చి ఇవ్వాలని కూడా చెబుతారు. ఊదుకుని తాగే తీరిక ఆయనకి ఎక్కడిది పాపం. రోజుకి రెండుసార్లు గడ్డం గీసుకుంటాడు. యాభై నాలుగేళ్ళ మనిషి, చూడబోతే అరవై అయిదు దాటినట్టు ఉంటాడు. మధ్యాహ్నం పన్నెండు నుంచి ఒంటిగంట దాకా దేశమంతా అన్నం తినడానికి లేస్తుంది కాబట్టి, పనిరోజుల్లో ఆ గంట మాత్రం ఆయనది. శని, ఆదివారాల్లో ఆ గంటకీ దిక్కులేదు. ఆఫీసులో ఎగ్గొట్టినవాళ్ళు ఇంట్లో టీవీ పక్కన ఫోన్లో పెట్టుకుంటారు. ఇక డిసెంబరు వచ్చిందంటే ఆయన్ని చూడలేం. ఏడాదంతా వాయిదా వేసినవాళ్ళు నెలాఖరు గడువు చూసుకుని ఒక్కసారిగా మీద పడతారు.

కూతురు బోరాం పెళ్ళి గ్యుజిన్ అనే అబ్బాయితో డిసెంబరులోనే కుదిరింది, ఒక శనివారం.

శుభలేఖలు పంచడానికి బోరాం ఆఫీసుకి వచ్చింది. అందరికీ ఇచ్చి తండ్రి బల్ల దగ్గర నిలబడింది.

"నాన్నా, ఒక్క మాట."

"చెప్పుతల్లీతిన్నావాబస్సులోవచ్చావాచలేస్తోందా?"

"తిన్నాను గానీ, పెళ్ళి రోజు నువ్వు నన్ను చెయ్యి పట్టి పెళ్ళికొడుకు దాకా నడిపించాలని మొన్న హాల్లో నడిచి చూశాం కదా, నా చెప్పు ఒకటి గుమ్మం దగ్గరే ఉండిపోయింది. నన్ను పెళ్ళికొడుక్కి అప్పగిస్తున్నావా, కొరియర్ డెలివరీ ఇస్తున్నావా?"

ఆఫీసంతా నవ్వింది. మేంగ్ కూడా నవ్వాడు గానీ ఆయన నవ్వు అందరికంటే ముందే అయిపోయింది. అప్పుడు బోరాం గొంతు తగ్గించింది.

"గ్యుజినూ నేనూ కలిసే నడిచి వస్తాంలే నాన్నా. ఈ రోజుల్లో చాలామంది అలాగే చేస్తున్నారు. నువ్వు హాయిగా అమ్మ పక్కన కూర్చో."

"సరేసరేఅలాగేకానీయండి."

ఆ మాట అనడానికి ఆయనకి రెప్పపాటు పట్టింది. తర్వాత ఆ ముఖం ఎలా వాడిపోయిందో ఎదుటి బల్ల దగ్గర కూర్చున్న క్వాక్ సొరిన్ చూసింది. ఏ పాఠంలో ఏం ఉండాలి, మాస్టారు ఏ మాట ఎప్పుడు అనాలి అన్నది రాసేది సొరినే. మనిషి పీలగా ఉంటుంది గానీ, పట్టు మాత్రం ఉడుంపట్టు. ఆడపిల్ల తండ్రికి ఆ నాలుగడుగులు కూడా మిగలకపోతే మనం చేస్తున్న ఈ ఉద్యోగం ఎందుకు, అనుకుంది. తిన్నగా డైరెక్టర్ తాక్ గదిలోకి వెళ్ళింది.

"సర్, పెళ్ళి రోజు పాఠం ఆపేద్దాం."

"షిఫ్టుల్లో చేసేవాళ్ళకి దొరికేదే శనివారం. ఫోన్లొస్తే నువ్వు ఎత్తుతావా?"

"అయితే వేగం పెంచే బటన్ తీసేద్దాం."

తాక్ గారు చెడ్డవాడు కాదు. మాస్టారితో పన్నెండేళ్ళు కలిసి తిన్నవాడు. తల గోక్కుని, "సరే, తీసి చూడు. గొడవైతే మళ్ళీ పెట్టేస్తాను" అన్నాడు.

కొండ నాలిక్కి మందేస్తే ఉన్న నాలిక ఊడింది. బటన్ కనపడకపోయేసరికి జనం పాఠాన్ని దాని మానాన నడవనిచ్చి, మ్యూట్ పెట్టి నోరు నొక్కేశారు. మర్నాడు మేంగ్ మెల్లగా, రాజాలా నడుచుకుంటూ కాఫీ మిషన్ దగ్గరికి వచ్చి, అందరినీ పలకరించాడు. పెదవులు కదిలాయి, మాట లేదు. సాయంత్రం బోరాం ఫోన్ చేస్తే ఊపిరి తప్ప ఏమీ వినిపించలేదు. కలిసి నడుస్తానన్నందుకు నాన్నకి కోపం వచ్చిందనుకుని ఆ పిల్ల ఏడ్చింది. ఆ ఏడుపు వింటూ ఇటువైపు మేంగ్ ఏమేం చెప్పాడో ఆయనకే తెలియాలి.

తాక్ గారు బటన్ మళ్ళీ పెట్టించాడు. "చూశావా సొరిన్? వాళ్ళు కొనేది పాఠం కాదమ్మా, చూసినట్టు కాగితం."

సొరిన్‌కి ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. పాఠంలో చట్టం సెక్షన్లు ఒకదాని మీద ఒకటి పేర్చింది తనే కదా. అంత ఊకదంపుడు ఉపన్యాసం రాసిపెట్టి, జనం పరిగెత్తిస్తున్నారని జనాన్ని తిట్టడం ఏం న్యాయం? ఆ మర్నాడే ఆమె బస్సెక్కి ఆన్‌సోంగ్‌లో ఒక మందు ఫ్యాక్టరీకి వెళ్ళింది. మందు అంటే ఔషధం కాదు, కుడుములు. మా దేశంలో అలాగే అంటారు. అక్కడివాళ్ళు పాఠం ఎలా చూస్తారో కళ్ళారా చూద్దామని వెళ్ళింది.

విశ్రాంతి గదిలో తలకి వల టోపీలు పెట్టుకున్న ఆడవాళ్ళు చిలగడదుంపలు ఒలుచుకుంటున్నారు. గోడ మీది టీవీలో మేంగ్ పరుగెత్తుతున్నాడు. ఆయన వంక చూసే నాథుడు లేడు. వాళ్ళ పెద్ద దిక్కు చూ మల్సున్. ఇరవై ఏళ్ళుగా కుడుములు చుట్టే యంత్రాల లైను మీదే ఉన్న మనిషి.

"అక్కా, యంత్రం ఆపే ఎర్ర బటన్ ఎక్కడుందో తెలుసా?" అడిగింది సొరిన్.

"కళ్ళకి గంతలు కట్టు, వెళ్ళి నొక్కి వస్తా."

"ఎప్పుడైనా నొక్కావా?"

దుంపలు ఒలిచే చేతులు ఆగాయి. మల్సున్ పక్కవాళ్ళ వంక చూసి అంది: "నొక్కితే లైనంతా ఆగుతుంది పిల్లా. పిండి ఎండిపోతుంది. సూపర్‌వైజర్ అరుపులు గేటు దాకా వినపడతాయి. అప్పుడు నొక్కినది నోరు తెరిచి ఏం చెప్పాలి? అది మీ టై మాస్టారు చెప్పడే!"

"ఆయన సెక్షన్లు చెబుతాడు. మా సూపర్‌వైజర్‌కి సెక్షన్ చెప్పి చూడమను, పిండిలో పెట్టి చుట్టేస్తాడు" అని ఇంకొకామె. గది గొల్లుమంది.

తిరుగు బస్సులో సొరిన్ కొత్త పాఠం రాసేసింది. అందులో సెక్షన్లు లేవు. మేంగ్ మొదట సూపర్‌వైజర్‌లా గుడ్లురిమి అరుస్తాడు: "ఎవరే లైను ఆపింది? పిండి మీ నాన్న తెచ్చాడా?" తర్వాత చూసేవాళ్ళ వైపు తిరిగి, మెత్తగా అంటాడు: "ఇప్పుడు మీరు ఈ మాట చెప్పండి, గట్టిగా: నేనే ఆపాను. చెయ్యి చిక్కుకునేది. చూసుకుని మళ్ళీ నడుపుదాం." అని ఊరుకుంటాడు. మీ వైపే చూస్తూ, మీరు ఆ మాట పూర్తిగా అనేదాకా మాట్లాడడు. మామూలు వేగంలో ఆ మౌనంలో ఆ మాటలు సరిగ్గా సరిపోతాయి. రెండింతలు పెడితే, "నేనే ఆపా" దగ్గరే సూపర్‌వైజర్ మళ్ళీ అరుపు అందుకుంటాడు. మీరు దొరికిపోయినట్టే.

మరి రికార్డు చెయ్యడం ఎప్పుడు? మాస్టారు మనుషుల్లో ఉండేది భోజనాల వేళే. తాక్ గారికి చెప్పకుండా ఆఫీసులో నలుగురు అన్నం మానుకున్నారు. మా దేశంలో పన్నెండింటికి అన్నం మానుకోవడమంటే మాటలు కాదు, పెళ్ళాం పోయినా తినేసి ఏడుస్తారు. కెమెరా పట్టినవాడు "కడుపులో ఎలకలు ఫుట్‌బాల్ ఆడుతున్నాయ్ అక్కా" అంటూనే వారం రోజులు పట్టాడు. మేంగ్‌కి మొదట్లో అరుపు రాలేదు. పన్నెండేళ్ళుగా తనని తరిమిన కాలాన్నంతా తలుచుకోమని సొరిన్ చెప్పింది. అప్పుడు వచ్చింది చూడండి అరుపు, కింది అంతస్తు వాళ్ళు లిఫ్టులో పైకి వచ్చారు.

ఆఖరి రోజు తాక్ గారు భోజనం చేసి, నోట్లో బ్రష్షుతో పళ్ళు తోముకుంటూ ఆ గదిలోకి వచ్చేశాడు. చాటుమాటు రికార్డింగు బయటపడింది. మేంగ్ ఆపకుండా తాక్ గారి వైపే తిరిగి గుడ్లురిమాడు. "ఎవరే లైను ఆపింది?" తర్వాత ఆ మౌనం వచ్చింది. మాస్టారు ఆయన కళ్ళలోకి చూస్తూ నిలబడ్డాడు.

"నేనే ఆపాను," అన్నాడు తాక్ గారు నురగ నోటితో, తనకే తెలియకుండా. "చెయ్యి చిక్కుకునేది." చొక్కా మీద పడ్డ నురగ తుడుచుకున్నాడు. "ఈ మాట నేను ఇంతవరకూ ఒక్కసారి కూడా ఎవరితోనూ అనలేదు," అన్నాడు. గుమ్మం దగ్గర ఆగి, "పాత పాఠం తీసేసి ఇది పెట్టండి. ఎవడైనా ఫోన్ చేసి తిడితే నాకివ్వండి" అన్నాడు.

రెండు రోజులు మార్పేమీ లేదు. మేంగ్ పరిగెత్తుతూనే ఉన్నాడు. పెళ్ళి ఇంకో మూడు రోజులుందనగా, తొమ్మిదిన్నర దాటింది, పది అయింది, మాస్టారు ఇంకా కిటికీ దగ్గరే నిలబడి కాఫీ చప్పరిస్తున్నాడు. ఆఫీసులో కీబోర్డులు ఒకటొకటిగా ఆగాయి. ఆయన కాఫీ ముగించి కప్పు బల్ల మీద పెట్టాడు. పెట్టీ పెట్టగానే మళ్ళీ కిటికీ దగ్గర ఉన్నాడు, చేతిలో నిండు కప్పు.

"జనం పాఠాన్ని వెనక్కి తిప్పుతున్నారు!" అని అరిచింది సొరిన్. "మొదటిసారి సిగ్గుపడి నవ్వేసి ఉంటారు, ఇంకోసారి అనడానికి తిప్పుతున్నారు!"

ఆ పూట ఒక్క కాఫీని మేంగ్ మళ్ళీ మళ్ళీ తాగాడు. తర్వాత ఫోన్ తీసి కూతురికి చేశాడు.

"తల్లీ," అన్నాడు.

"ఎవరండీ?" అంది బోరాం.

"నేనేనమ్మా. నాన్నని."

అవతల బోరాం ముక్కు చీదుకుంది. ఆయన తొందర పడలేదు. తొందర లేకపోవడం ఎంత సుఖమో ఆ ముఖం చూస్తే తెలిసింది.

"పెళ్ళికొడుకుతో చెప్పు," అన్నాడు, "నిన్ను నేనే నడిపిస్తానని."

శుక్రవారం మల్సున్ సొరిన్‌కి ఫోన్ చేసింది. "ఇదిగో పిల్లా, మా కొత్త పిల్ల చేతి తొడుగు రోలర్‌లోకి పోయింది. బటన్ నొక్కేసింది! వేళ్ళన్నీ భద్రం. సూపర్‌వైజర్ ఊగిపోతూ వచ్చాడు. ఆ పిల్ల వణుకుతూ, నేనే ఆపాను అంది. వెంటనే నేనూ అన్నాను, నేనే ఆపాను అని. తర్వాత లైనంతా అంది. వాడు నోరు తెరిచినవాడు తెరిచినట్టే వెనక్కి తిరిగాడు." ఆమె గొంతులో నవ్వూ ఏడుపూ కలిసిపోయాయి. "చుట్టుపక్కల ఫ్యాక్టరీలన్నిటికీ చెప్పేశా. రేపు శనివారం షిఫ్టుకి అందరం మీ మాస్టారినే పెడుతున్నాం. మా సూపర్‌వైజర్ కూడా కూర్చుంటానన్నాడు, ముందు వరసలో."

ఫోన్ పెట్టేసి సొరిన్ బల్ల మీద తల వాల్చుకుని ఏడ్చింది. ఆనందంతోనే.

శనివారం పెళ్ళి హాలు కిటకిటలాడింది. మా ఆచారం ప్రకారం ఇద్దరు వియ్యపురాళ్ళూ వెళ్ళి కొవ్వొత్తులు వెలిగించి వచ్చి కూర్చున్నారు. తలుపులు తెరుచుకున్నాయి. పియానో అందుకుంది. నల్ల కోటులో మేంగ్, ఆయన చేతిలో చెయ్యి వేసి తెల్ల గౌనులో బోరాం.

ఒక అడుగు వేశారు. ఆగి, ఇంకొకటి వేశారు. హాల్లో ఆయన్ని ఎరిగినవాళ్ళు ఊపిరి బిగబట్టారు. మేంగ్ నడుస్తున్నాడు. మనందరం నడిచినట్టు, ఇంకా చెప్పాలంటే మనకంటే మెల్లగా, ప్రతి వరసలోనూ చుట్టాలకి తల వంచుతూ. సగం దూరంలో కూతురి వైపు వంగి, ఒక్కొక్క మాటా విడివిడిగా అన్నాడు: "నీకు నడక వచ్చినప్పుడు కూడా నా వేలు పట్టుకునే నడిచావు. అప్పుడు నాకు బోలెడంత టైముండేది తల్లీ. నిన్ను చూస్తూ ఉండిపోవడానికి చాలా ఉండేది."

"ఏడిపించకు నాన్నా, కాటుక కారిపోతుంది," అంది బోరాం, అప్పటికే కాటుక కారిపోయింది.

పెళ్ళికొడుకు గ్యుజిన్ చెయ్యి చాచాడు. మేంగ్ కూతురి చెయ్యి ఎత్తి ఆ చేతిలో పెట్టబోయాడు. సరిగ్గా అప్పుడే ఆన్‌సోంగ్‌లో, ఇంకా ఎన్ని ఊళ్ళలోనో, తలకి వల టోపీలు పెట్టుకున్న ఆడవాళ్ళు ఇంకోసారి, ఇంకోసారి అని పాఠాన్ని వెనక్కి తిప్పారు. తండ్రీ కూతుళ్ళు ఇద్దరూ మళ్ళీ గుమ్మం దగ్గర ఉన్నారు, చెయ్యీ చెయ్యీ పట్టుకుని.

పియానో వాయించే అమ్మాయి కాగితం మొదటికి తిప్పి మళ్ళీ అందుకుంది. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. తాక్ గారు అందరికంటే గట్టిగా కొట్టాడు. మేంగ్ ఆ దూరమంతా చూసి, కూతురిని చూసి, తర్వాత చివర చెయ్యి చాచి నిలబడ్డ అల్లుడి వైపు మొహమాటంగా చూశాడు.

"తొందరేం లేదు మామగారూ!" అని అక్కణ్ణించే కేకేశాడు గ్యుజిన్.

మేంగ్ కూతురి చెయ్యి సర్దుకుని, మొదటి అడుగు వేశాడు.